ఖబరు, అఖ్బారు, కబుర్లు

(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్మల్ని విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. స్కాలర్‌షిప్పుల సంగతి, హాస్టళ్ళ సంగతి మాకన్న ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. అదే మళ్ళీ చెప్పి మీ సమయం తీసుకోదలచలేదు. అందుచేత ఈ రోజు ఒకే ఒక్క మాటను పట్టుకొని మాట్లాడుదామని వచ్చాము. మేము చెప్పేది ఉర్దూ మీడియం పాఠాలే అయినా, ఇక్కడున్న పిల్లల్లో సగం మందికి ఉర్దూ చదవడం రాదు. గనుక అందరికీ అందేటట్లు తెలుగులోనే చెప్తాము.

ఆ మాట "ఖబర్". అరబీ మాట. ఏకవచనం. దీని బహువచనం "అఖ్బార్". అంటే అరబీ లెక్కన అఖ్బార్ అంటే వార్తలు, సమాచారాలు. మరి మన ఇళ్ళలో "అఖ్బార్ వచ్చిందా?" అని అడిగితే, వార్తాపత్రిక వచ్చిందా అని అర్థం. బహువచనం ఉర్దూలోకి వచ్చి ఏకవచనమైపోయింది! ఒక పత్రిక అయితే అఖ్బార్, పది పత్రికలైతే అఖ్బారాత్. బహువచనానికి మళ్ళీ బహువచనం చేశామన్నమాట. ఇక మన తెలుగువారు ఇదే ఖబర్‌ను "కబురు" చేసుకున్నారు. జవాబు, తారీఖు, రసీదు, ఖరీదు, అర్జీ వచ్చిన దారినే ఇదీ వచ్చింది. ఇప్పుడు ఏ పల్లెలో అడిగినా కబురు తెలుగు మాటే అంటారు. మేమూ కాదనము.

పిల్లలు ఒక్క సంగతి గమనించాలి. ఉర్దూలో ఖబర్‌కు బహువచనం చేస్తే అఖ్బార్, అంటే పత్రిక అయ్యింది. తెలుగులో కబురుకు బహువచనం చేస్తే "కబుర్లు" అయ్యింది. కబురు వచ్చిందంటే ముఖ్యమైన సంగతే. పెళ్ళి కబురు, పురిటి కబురు, చావు కబురు. కాని కబుర్లు చెప్తున్నాడంటే? పనీ పాటా లేక కూర్చున్నాడని! మాట ఒక్కటే. ఒక దారిన వెళితే పత్రికయ్యింది, ఇంకొక దారిన వెళితే పొద్దుపోని ముచ్చటయ్యింది. ఈ రెండు దారుల సంగతే ఇవాళ మేము చెప్పబోయేది.

ముందు ఖబర్ అనే మాటకు మన పూర్వీకులు ఎంత విలువ ఇచ్చారో చూద్దాం. హదీసు విద్యలో ఖబర్ పారిభాషిక పదం. ఏ తరంలోనైనా అబద్ధానికి జట్టుకట్టారని అనుకోవడానికి వీలులేనంత మంది చెప్పినదైతే అది ఖబరె ముతవాతిర్. ఆ సంఖ్యకు చేరనిది ఖబరె వాహిద్. హదీసు గ్రంథాల్లో ప్రతి మాటకు ముందు "హద్దసనా", "అఖ్బరనా" అని వస్తుంది. అఖ్బరనా అంటే "మాకు ఖబర్ ఇచ్చారు" అని. ఎవరిచ్చారు? వారి పేరు. వారికి ఎవరిచ్చారు? వారి పేరు. ఇట్లా చెప్పినవారి పేర్లన్నీ గొలుసుగా వస్తాయి. దాన్నే ఇస్నాద్ అంటారు. అంతటితో ఆగలేదు. ఉస్తాదు తానే చదివి వినిపిస్తే హద్దసనా అనాలి, శిష్యుడు చదువుతుండగా ఉస్తాదు విని సరే అంటే అఖ్బరనా అనాలి అని ఇమామ్ ముస్లిం వంటి పెద్దలు తేడా పాటించారు. మాట ఎట్లా చేరిందో ఆ తీరును కూడా దాచిపెట్టలేదన్నమాట.

ఖురాన్‌లో సూరె హుజురాత్ ఆరవ ఆయత్ మీలో చాలామందికి తెలుసు. నమ్మదగని మనిషి ఏదైనా సమాచారం తెస్తే ముందు విచారించండి, లేకుంటే తెలియక ఒక జాతికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని దాని భావం. జకాత్ వసూలుకు వెళ్ళిన మనిషి దారిలోనే భయపడి తిరిగి వచ్చి, అక్కడివాళ్ళు ఎదురుతిరిగారని చెప్పిన సందర్భంలో ఈ ఆయత్ దిగిందని ముఫస్సిర్లు చెప్తారు. నిజానికి ఆ జనం ఎదురుతిరగలేదు. విచారించకుండా దండెత్తి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక పాత పత్రికల సంగతికి వద్దాం. అచ్చు యంత్రం రాకముందే అఖ్బార్ అనే మాట ఈ దేశంలో ఉంది. మొగలు దర్బారులో ఏ రోజు ఏమి జరిగిందో చేతితో రాసి పంపే కాగితాలను అఖ్బారాత్ అనేవారు. సుబాల నుండి సంగతులు రాసి పంపేందుకు వాఖియా నవీసు అనే ఉద్యోగి ఉండేవాడు. అతడు తప్పు రాస్తే తెలియాలి గదా, అందుకని రహస్యంగా రాసేందుకు ఖుఫియా నవీసు అనే ఇంకొకడు. మోసుకొని పోయేవాడు హర్కారా. మన హైదరాబాదులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు ఫార్సీ కాగితాలు వేలకొద్దీ నేటికీ ఉన్నాయి. చదువుకునే పిల్లలు ఒక్కసారైనా చూసి రావాలి.

అచ్చు పత్రిక వచ్చిన కొత్తలో దాన్ని ఏమనాలో జనానికి తోచలేదు. 1837లో ఇరాన్ రాజధాని టెహరానులో మొదటి పత్రిక వస్తే దానికి "కాగజె అఖ్బార్" అని పేరు. అంటే వార్తల కాగితం. ఆ తర్వాత కాగితం జారిపోయి మన ఉర్దూలో అఖ్బార్ ఒక్కటే మిగిలింది. కలకత్తాలో 1822 మార్చిలో వెలువడిన జామె జహాఁనుమా మొట్టమొదటి ఉర్దూ పత్రిక. దాన్ని నడిపింది హరిహర దత్తా, సంపాదకుడు సదాసుఖ్ లాల్. ఇద్దరూ హిందువులే. అదే ఏడు రాజా రామమోహన రాయ్ ఫార్సీలో మిరాతుల్ అఖ్బార్ పెట్టారు. వార్తల అద్దం అని అర్థం. మరుసటి ఏడు ప్రభుత్వం పత్రికలకు లైసెన్సు పెడితే, ఆ షరతులకు లోబడి నడపనని ఆయన పత్రికనే ఆపివేశారు.

పేర్లు చూడండి. మిరాతుల్ అఖ్బార్. సర్ సయ్యద్ అన్నగారు ఢిల్లీలో నడిపినది సయ్యదుల్ అఖ్బార్. ఇంకొకటి సాదిఖుల్ అఖ్బార్, అంటే సత్యమైన వార్తలు చెప్పేది. లక్నోలో మున్షీ నవల్ కిషోర్ పెట్టినది అవధ్ అఖ్బార్. ఈ నవల్ కిషోర్ ప్రెస్సులోనే ఖురాన్ ప్రతులు కూడా అచ్చయి ముస్లిముల ఇళ్ళకు చేరాయి. చివరకు సర్ సయ్యద్ 1866లో అలీగఢ్ ఇన్‌స్టిట్యూట్ గజెట్ పెట్టినప్పుడు కూడా ఉర్దూ పేరులో అఖ్బార్ మాట విడువలేదు.

మన తెలుగులో ఏమిటి సంగతి? మద్రాసులో 1838లో వృత్తాంతిని వచ్చింది. 1842లో వర్తమాన తరంగిణి వారపత్రిక వచ్చింది. కబురు అనే మాట నోటిలో ఉన్నా, పత్రిక పేరులోకి మాత్రం వృత్తాంతమూ, వర్తమానమూ వచ్చాయి. ఆ వర్తమాన తరంగిణి నడిపినది ఎవరో ఈ సభలో ఎంతమందికి తెలుసు? సయ్యద్ రహమతుల్లా! తెలుగు పత్రికల చరిత్ర మొదటి పేజీల్లోనే మనవాడొకడు ఉన్నాడు. తెలుగు పత్రికకు మనకు ఏమి సంబంధమని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి.

ఇప్పుడు మౌల్వీ ముహమ్మద్ బాఖర్ గారి గురించి కొంచెం నిలిచి చెప్పాలి. ఢిల్లీ కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన మనిషి. మా వృత్తివాడని మాకు కొంచెం గర్వం కూడా. ఆయన పత్రిక ఢిల్లీ ఉర్దూ అఖ్బార్. అందులో ఎర్రకోట సంగతులకు "హుజూరె వాలా" అని ఒక శీర్షిక, కంపెనీ దొర సంగతులకు "సాహిబె కలాఁ" అని ఒక శీర్షిక ఉండేది. ఆ కాలపు పత్రికల్లో వార్త మొదలుపెట్టే తీరు కూడా గమనించదగినది. "మాలూమ్ హువా" అంటే తెలిసింది. "సునా గయా" అంటే వినబడింది. "కహతే హైఁ" అంటే అంటున్నారు. ఇంకొక పత్రిక నుండి ఎత్తి వేస్తే ఆ పత్రిక పేరు చెప్పేవారు. తెలిసినదానికీ విన్నదానికీ మాటలోనే తేడా కనబడేది.

1857 మే నెలలో ఢిల్లీలో తిరుగుబాటు వచ్చినప్పుడు బాఖర్ గారు తన కళ్ళారా చూసిన సంగతులను పత్రికలో రాశారు. జూలైలో బహదూర్ షా జఫర్ పేరు మీదుగా పత్రిక పేరును అఖ్బారుజ్ జఫర్ అని మార్చారు. సెప్టెంబరులో ఢిల్లీ పడిపోయింది. ఆంగ్లేయులు ఆయన ప్రాణం తీశారు. ఈ దేశంలో పత్రిక నడిపి ప్రాణమిచ్చిన తొలివారిలో ఆయన ఒకరు. కొడుకు ముహమ్మద్ హుసేన్ ఆజాద్ ఊరూరా తిరిగి, ఎంతో కాలానికి లాహోరు చేరి, 1880లో ఆబె హయాత్ ప్రచురించారు. మా బడిలో ఉర్దూ కవుల చరిత్ర చెప్పాలంటే నేటికీ ఆ పుస్తకం తీయకుండా కుదరదు.

అయితే న్యాయంగా మాట్లాడాలి. ఆ రోజుల్లో పత్రికలన్నీ నిజమే వేశాయని మేము చెప్పము. ఇరాన్ షా సేనలు వస్తున్నాయన్న ఖబర్లు 1857లో ఢిల్లీ పత్రికల్లో వచ్చాయి. సాదిఖుల్ అఖ్బార్ వేసిన అటువంటి రాతలను 1858లో బహదూర్ షా మీద జరిపిన విచారణలో సాక్ష్యంగా చదివారు. సేనలు వచ్చాయా? రాలేదు. ఇరాన్‌కూ ఆంగ్లేయులకూ మార్చి నెలలోనే పారిస్‌లో సంధి అయిపోయింది. పేరు సాదిఖ్ అని పెట్టుకున్నంత మాత్రాన ప్రతి మాటా సిద్ఖ్ అయిపోదు. ఆశపడిన మనసు ఏది వినాలనుకుంటుందో అదే ఖబర్ అయి వస్తుంది.

తప్పు ఖబర్ ఒక మనిషిని ఏమి చేస్తుందో మిర్జా గాలిబ్ కథ చెప్తుంది. తిరుగుబాటు రోజుల్లో బహదూర్ షా పేర నాణెం మీద వేసే పద్యం గాలిబ్ రాశాడని ఒక వేగులవాడు ఆంగ్లేయులకు రాసి పంపాడు. తర్వాత గాలిబ్ పెన్షను అడగబోతే ఈ కాగితం అడ్డం వచ్చింది. తాను రాయలేదన్నాడు. ఆ పద్యం 1837లో బహదూర్ షా గద్దె ఎక్కినప్పుడు జౌఖ్ రాసినదనీ, అప్పట్లో మౌల్వీ బాఖర్ పత్రికలో అచ్చయిందనీ అతని నమ్మకం. ఆ పాత సంచిక ఒక్కటి దొరికితే చాలునని ఊరూరి స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. దొరకలేదు. మూడేళ్ళపాటు పెన్షను లేదు. 1860లో గాని మళ్ళీ రాలేదు. ఎంతో కాలం తర్వాత పరిశోధకులు చూస్తే ఆ పద్యం 1857 జూలై నాటి సాదిఖుల్ అఖ్బార్‌లో మరొక కవి పేరుతో కనబడింది. ఒక మనిషి విచారించకుండా రాసిన ఒక్క పంక్తి, ఉర్దూలో అంతటి కవిని ముసలితనంలో అప్పులవాళ్ళ ముందు నిలబెట్టింది. ఆ అపవాదును తుడవగలిగింది కూడా దాచిపెట్టిన పాత అఖ్బారే!

మన హైదరాబాదు పత్రికలకు వస్తే అక్కడా పేర్లు ఆలోచింపజేసేవే. సర్కారు గజెట్‌కు జరీదా అని పేరు. రహబరె దక్కన్, అంటే దారి చూపేది. ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ గారిది పయామ్, అంటే సందేశం. మందుముల నరసింగరావుగారు ఉర్దూలో నడిపినది రయ్యత్, అంటే రైతు జనం. మీజాన్ అయితే ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషల్లో వచ్చేది. తెలుగు మీజానుకు అడివి బాపిరాజుగారు సంపాదకులు.

షోయబుల్లా ఖాన్ గారి పత్రిక ఇమ్రోజ్. ఇమ్రోజ్ అంటే "ఈ రోజు". తెలుగువారి వర్తమానమూ, ఫార్సీ ఇమ్రోజూ ఒక్క అర్థానికే వచ్చాయి చూడండి. తాను నమ్మినది, హైదరాబాదు ఇండియాలో చేరాలని, బెదిరింపులకు లొంగక రాశారు. 1948 ఆగస్టులో ఒక రాత్రి పని ముగించుకొని ఇంటికి వెళుతుండగా కాచిగూడలో ఆయనను హత్య చేశారు. రాసిన చేయిని నరికారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. బాఖర్ గారి ప్రాణం తీసినది పరాయి దొరలు. షోయబుల్లా గారిని చంపినది మన భాష మాట్లాడేవారే, మన కలిమా చదివేవారే. ఈ మాట చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పాలి. చెప్పకపోతే ఖబర్ గురించి మాట్లాడే అర్హత మనకు లేదు.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పామంటే, ఇవాళ మన చేతిలో పత్రిక తక్కువ, ఫోను ఎక్కువ. అఖ్బార్ పోయి కబుర్లు మిగిలాయి. ఎవరు చెప్పారో పేరుండదు, తారీఖు ఉండదు, ఊరుండదు. చివర మాత్రం "పదిమందికి పంపండి, సవాబ్ వస్తుంది" అని ఉంటుంది. విన్నదంతా చెప్పడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని మన ప్రవక్త (స) హెచ్చరించారు. మరి ఈ సవాబ్ ఎక్కడిది?

2017 ఆగస్టులో మన రాష్ట్రాల్లో పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేశారు. టీకా రోజున మా తరగతిలో సగం బెంచీలు ఖాళీ! ఏమిటని విచారిస్తే, ఈ టీకా వేస్తే పెద్దయ్యాక సంతానం కలగదని ఎవరో ఫోనులో పంపారట. ఎవరు పంపారమ్మా అంటే "అందరికీ వచ్చింది సార్" అన్నారు. మేమూ, మన సంఘంలో ఉన్న ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళూ సాయంత్రం గల్లీ గల్లీ తిరిగాము. ఒక నానీ మాత్రం తలుపు దగ్గరే నిలబడి, "నీ పిల్లలకు వేయించావా బాబూ?" అని అడిగింది. వేయించామని మా అమ్మాయి గోరు మీది గుర్తు చూపించాము. ఆమె మారు మాట్లాడలేదు. మరునాడు మనవడిని తానే చేయి పట్టుకొని తీసుకొచ్చింది. ఆ ముసలమ్మకు ఇస్నాద్ అనే మాట తెలియదు. కాని అడిగినది అదే! చెప్పేవాడు ఎవడు, తాను చెప్పినదాన్ని తాను నమ్ముతున్నాడా అని.

అట్లాగే 2020 మొదట్లో జనన ధ్రువపత్రాల కోసం పనులు మానుకొని వరుసల్లో నిలబడినవారు మనలో ఉన్నారు. భయానికి కారణం లేదని మేము అనము. కాని ఆ భయం మీద దళారులు వందలకు వందలు గుంజుకున్నారు. ఏ కాగితం కావాలి, ఏది అక్కరలేదు అని చెప్పే ఒక్క నమ్మకమైన చోటు ఈ పేటలో ఉండి ఉంటే ఆ కూలి డబ్బులు ఇళ్ళలో మిగిలేవి.

అందుచేత సంఘం వారికి మూడు మనవులు. మొదటిది, మన కార్యాలయం గోడకు ఒక నోటీసు బోర్డు పెట్టాలి. స్కాలర్‌షిప్పు, టీకా, రేషన్, హజ్ దరఖాస్తు, ఏ సంగతైనా సరే, ఎక్కడ నుండి తెలిసింది, ఏ తారీఖున తెలిసింది అని కింద రాసి, బాధ్యుడైన సభ్యుడు సంతకం చేయాలి. సంతకం లేని సంగతి బోర్డు ఎక్కకూడదు. రెండవది, ఒక గదిలో దారుల్ ముతాలా పెట్టాలి. ఒక ఉర్దూ పత్రిక, ఒక తెలుగు పత్రిక, వీలైతే ఒక ఇంగ్లీషు పత్రిక. ఒకే వార్త మూడింటిలో ఎట్లా వచ్చిందో పిల్లలు పక్కపక్కన పెట్టి చూడాలి. పాత సంచికలు కట్ట కట్టి దాచాలి. గాలిబ్‌కు దొరకని సంచిక మన పిల్లలకైనా దొరకాలి. మూడవది, ఆదివారం ఒక గంట పిల్లలు పెద్దవారికి పత్రిక చదివి వినిపించాలి. పెద్దలకు సంగతి తెలుస్తుంది, పిల్లలకు చదువు వస్తుంది. పిల్లలను కూర్చోబెట్టే బాధ్యత మేము తీసుకుంటాము.

ఇళ్ళల్లో తల్లులకు ఒక్క మాట. ఫోనులో ఏదైనా వస్తే పంపే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు చెప్పారు? వారికి ఎట్లా తెలిసింది? ఎప్పటి సంగతి? మూడింటికీ జవాబు ఉంటే అది ఖబర్. లేకపోతే కబుర్లు. కబుర్లు చెప్పుకోవద్దని మేము అనము, టీ తాగుతూ హాయిగా చెప్పుకోండి. కాని వాటిని ఖబర్ అని పేరు పెట్టి పక్క ఇంటికి పంపకండి.

 అల్లాహ్ మనకు సత్యం విని సత్యమే చెప్పే తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.